పాప వయసు రాసుకున్న నోటుపుస్తకం: వరద తర్వాత మిగిలిన భవిష్యత్ భయానికి చికిత్స, ఒక కేస్ స్టడీ

ఈ కేసును రాయడానికి క్లయింటు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు, చిత్తుప్రతిని చదివి రెండు చోట్ల సవరణలు కూడా సూచించారు. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. లక్షణాలు కనిపించిన క్రమాన్నీ, చికిత్స సాగిన తీరునూ, మధ్యలో నేను చేసిన పొరపాటునూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. వాతావరణ మార్పు గురించిన భయంతో వచ్చేవారిని చూసే తోటి కౌన్సెలర్లకు, సైకాలజిస్టులకు ఆ పొరపాటే అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఆమె ఎందుకు వచ్చారు

2024 సెప్టెంబరులో, 34 ఏళ్ల సైన్సు టీచరు ఒకరు నిద్ర పట్టడం లేదన్న ఫిర్యాదుతో నా దగ్గరకు వచ్చారు. భర్త, నాలుగేళ్ల పాప ఉన్న చిన్న కుటుంబం. మొదటి అరగంట ఆమె నిద్ర గురించి, తలనొప్పి గురించి, పనిమీద ధ్యాస నిలవకపోవడం గురించి మాత్రమే మాట్లాడారు. ఈ మధ్య ఇంట్లో ఏదైనా జరిగిందా అని అడిగితే కాసేపు మౌనంగా ఉండి, తాను ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా పాప వచ్చి "అమ్మా, ఇవాళ నీళ్లు వస్తాయా?" అని అడుగుతోందని చెప్పారు. ఆ ప్రశ్న విన్నాకే అపాయింట్‌మెంట్ తీసుకున్నారట. తన భయం తనతోనే ఉంటే భరించగలననీ, అది పాపకు అంటుకుంటోందని తెలిశాక ఇక ఊరుకోలేకపోయాననీ అన్నారు.

2022లో ఒక రాత్రి వాళ్లుండే ప్రాంతంలో నది కట్ట తెగి, కింది అంతస్తులో ఉన్న వాళ్ల ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. అప్పుడు పాపకు రెండేళ్లు. ముందస్తు హెచ్చరిక ఏదీ వాళ్లకు చేరలేదు. ప్రాణనష్టం జరగలేదు, నాలుగు నెలల తర్వాత అదే ఇంటికి తిరిగి వచ్చారు, గోడలకు రంగు వేయించారు, చుట్టుపక్కల అందరూ ఆ సంగతి మరిచిపోయినట్టే మసలుకున్నారు. తానూ మరిచిపోయాననే అనుకున్నారు. అయితే ఆ ఏడాది చివరి నుంచి రాత్రిపూట వర్షపు రాడార్ చిత్రాలు చూసే అలవాటు మొదలైంది. మొదట మబ్బు పట్టిన రోజుల్లో మాత్రమే చూసేవారు, తర్వాత ఆకాశం నిర్మలంగా ఉన్నా చూడడం మానలేకపోయారు. నేను అడిగిన మీదట ఫోన్‌లోని వినియోగ వివరాలు చూసి లెక్కపెడితే, అంతకుముందు రాత్రి 11 గంటల నుంచి తెల్లవారుజామున 5 గంటల వరకు 23 సార్లు రాడార్ తెరిచినట్టు తేలింది. ఆ సంఖ్య చూసి ఆమే నిర్ఘాంతపోయారు.

అత్యవసర సంచి ఒకటి తలుపు దగ్గర సిద్ధంగా ఉంటుంది. పాప చెప్పులు మంచం పక్కనే, కాలు దించగానే తొడిగే వీలుగా ఉంటాయి. బడిలో పర్యావరణ పాఠం వచ్చినప్పుడు దాన్ని తోటి టీచరుకు అప్పగించి తాను వేరే తరగతికి వెళ్లిపోయారు. పాప పై చదువుల కోసం నెలనెలా కట్టే పొదుపును ఆరు నెలల క్రితం ఆపేశారు, ఆ విషయం భర్తకు చెప్పలేదు. రెండో బిడ్డ కావాలని ఇద్దరూ ఎప్పటి నుంచో అనుకుంటున్నా, ఇప్పుడు ఆ మాట ఎత్తితేనే ఆమెకు గొంతు పట్టేస్తోంది.

రెండో సెషన్‌కు ఆమె ఒక నోటుపుస్తకం తెచ్చారు. రూళ్ల కాగితం మీద రెండు వరుసలు గీసి, ఒక పక్క సంవత్సరం, రెండో పక్క పాప వయసు రాసుకున్నారు. 2030 పక్కన 10, 2050 పక్కన 30, 2070 పక్కన 50, 2100 పక్కన 80. వార్తల్లోనో, నివేదికల్లోనో భవిష్యత్తు గురించిన అంచనా ఏది కనబడినా, ఆ సంవత్సరం ఎదుట పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాసి పెట్టుకుంటారు. 2050 వరుసలో రాత ఎంతగా కిక్కిరిసిందంటే, చోటు చాలక అంచు పొడవునా నిలువుగా రాశారు. చాలామంది గ్రాఫ్ చూసినప్పుడు గీతను చూస్తారు, ఈమె ఆ గీత మీద ఎక్కడికక్కడ తన బిడ్డను నిలబెట్టి చూస్తున్నారని నాకు అప్పుడు అర్థమైంది.

అంచనా

సాధారణ ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో ఆమెకు 21కి 17 వచ్చింది. 15 గాని అంతకు మించి గాని వస్తే తీవ్రమైన ఆందోళనగా పరిగణిస్తాం. ట్రామా (మానసిక గాయం) లక్షణాలను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో 80కి 38 వచ్చింది. ట్రామా తర్వాతి రుగ్మత ఉండవచ్చని అనుమానించే హద్దు 31 నుంచి 33 వరకు ఉంటుంది, దాన్ని అది దాటింది. సూసన్ క్లేటన్, బ్రయాన్ కరాజియా 2020లో ప్రచురించిన వాతావరణ ఆందోళన ప్రశ్నావళిని కూడా వాడాను. అందులోని 13 ప్రశ్నలు ఈ భయం మనిషి ఆలోచనను, నిద్రను, పనిని, సంబంధాలను ఎంత దెబ్బతీస్తోందో అడుగుతాయి. అయిదు పాయింట్ల కొలమానం మీద ఆమె సగటు 3.6.

రోగ నిర్ధారణ గురించి ఒక మాట చెప్పాలి. వాతావరణ ఆందోళన అన్నది మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 గ్రంథంలో గాని, 2022లో వచ్చిన దాని సవరణ ప్రతిలో గాని రుగ్మతగా లేదు. అలా ఉండకపోవడమే సరైనదని నా అభిప్రాయం. 2021లో 10 దేశాలకు చెందిన, 16 నుంచి 25 ఏళ్ల లోపు 10,000 మందిని అడిగిన అధ్యయనంలో 59 శాతం మంది తాము వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా లేదా తీవ్రంగా కలత చెందుతున్నామని చెప్పారు, భవిష్యత్తు భయపెడుతోందని 75 శాతం మంది అన్నారు, పిల్లల్ని కనడానికి వెనకాడుతున్నామని 39 శాతం మంది అన్నారు. ఇంతమంది అనుభవించే, నిజమైన కారణం ఉన్న కలతకు జబ్బు పేరు పెడితే, ఆ కారణం మీద నుంచి చూపు మళ్లించి మనిషి మీద తప్పు మోపినట్టవుతుంది. అయితే ఒక మనిషి రాత్రికి 23 సార్లు లేస్తుంటే దాన్ని సహజమైన స్పందన అని వదిలేయడం కూడా నిర్లక్ష్యమే. ఈ రెండింటి మధ్య దారి ఎక్కడుందో తెలుసుకోవడమే ఈ కేసులో నాకు ఎదురైన అసలు పని, దాన్ని నేను మొదట్లో సరిగా చేయలేదు.

నా పొరపాటు

మూడో సెషన్‌లో నేను అలవాటుగా చేసే పనే చేశాను. ఆందోళనకు సంబంధించిన ఆలోచనను కాగితం మీద రాయించి, దానికి అనుకూలంగా ఉన్న ఆధారాలు ఒక వైపు, వ్యతిరేకంగా ఉన్నవి ఇంకో వైపు రాయమన్నాను. ఆమె రాసిన ఆలోచన ఇది: "నా బిడ్డ బతకాల్సిన ప్రపంచం నేను బతికిన దానికంటే ప్రమాదకరంగా ఉంటుంది." పెన్ను కింద పెట్టి, నా వైపు చూసి, "దీనికి వ్యతిరేకంగా ఆధారాలు వెతకమంటున్నారు. ఐపీసీసీ నివేదిక నేను చదివాను మేడమ్. మీరు చదివారా?" అని అడిగారు.

వాతావరణ మార్పుపై శాస్త్రాన్ని మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘమే ఐపీసీసీ. దాని నివేదికను నేను చదవలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె కోపగించుకోలేదు, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, సమయం ముగిసేదాకా మర్యాదగా కూర్చుని వెళ్లిపోయారు. నాలుగో సెషన్ రద్దు చేసుకున్నారు.

ఎక్కడ తప్పానో ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను. విమానం కూలిపోతుందని భయపడే మనిషి దగ్గర, ముప్పును అతిగా అంచనా వేస్తున్నారన్న ఊహతో మొదలుపెట్టవచ్చు, ఆ ఊహ చాలావరకు నిజమే అవుతుంది. వాతావరణ మార్పు విషయంలో అదే ఊహతో మొదలుపెట్టడమంటే, క్లయింటు చూసిన నిజాన్ని కాదనడమే. ఇంట్లో భర్త "రేపటి సంగతి రేపు చూద్దాంలే" అంటున్నారు, స్నేహితులు వార్తలు చూడడం మానేయమంటున్నారు, చివరికి సాయం చేస్తానని కూర్చున్న నేను కూడా మర్యాదైన మాటల్లో అదే చెప్పాను. ఈ భయంతో వచ్చేవారికి భయం కంటే ముందు ఒంటరితనం ఉంటుంది. నేను దాన్ని ఇంకొంచెం పెంచాను.

ఆ వారం 2023లో వెలువడిన ఐపీసీసీ సంగ్రహ నివేదికలో విధానకర్తల కోసం రాసిన భాగాన్ని, భూతాపం 1.5 డిగ్రీలు పెరగడం గురించిన 2018 నాటి ప్రత్యేక నివేదికలో అదే భాగాన్ని కూర్చుని చదివాను. తర్వాత ఆమెకు ఫోన్ చేసి, ఆధారాల పట్టిక అడగడం తొందరపాటేనని ఒప్పుకుని, ఈసారి నోటుపుస్తకం పట్టుకుని రమ్మన్నాను. వచ్చారు.

మూడు పోగులు

నోటుపుస్తకంలోని ప్రతి గీటునూ ఇద్దరం కలిసి చదివాం. అందులో ఒక్కటిగా కనిపిస్తున్న భయం నిజానికి మూడు పోగులు కలిసి పేనుకున్న తాడని మెల్లగా అర్థమైంది. మొదటిది, 2022 నాటి ఆ రాత్రి. అది గతానికి చెందినది, ఇంకా ముగియలేదు. రెండోది, నిశ్చయం కోసం పదే పదే వెతకడం, అంటే రాడారు, సంచి, చెప్పులు. మూడోది, బిడ్డ భవిష్యత్తు గురించిన దిగులు. మొదటి రెండింటికీ చికిత్స ఉంది, చేయాలి. మూడోదాన్ని తీసేసే ప్రయత్నం చేయకూడదు. అయితే అందులో కలిసిపోయిన పొరపాటు సమాచారాన్ని వేరు చేయవచ్చు, మిగిలిన దుఃఖాన్ని మోయడానికి తోడు నిలవవచ్చు. ఇలా విడదీసి చెప్పినప్పుడు ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు.

రాడారుతో మొదలుపెట్టాం, ఎందుకంటే నిద్ర లేని మనిషి మరే పనీ చేయలేరు. అయితే "చూడకండి" అని చెప్పడానికి నాకు హక్కు లేదు, హెచ్చరిక రాని రాత్రి ఒకటి ఆమె జీవితంలో ఉంది. అందుకే ముందు ఆమె రాత్రంతా చేస్తున్న కాపలా పనిని ఇంకెవరైనా చేయగలరా అని చూశాం. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల ప్రకారం 1970 నుంచి 2019 వరకు వాతావరణ విపత్తుల సంఖ్య అయిదు రెట్లు పెరిగినా, వాటిలో మరణాలు దాదాపు మూడో వంతుకు తగ్గాయి. ముందస్తు హెచ్చరికలు మెరుగుపడడం ఇందుకు ముఖ్య కారణం. ఈ విషయం ఆమెకు తెలియదు, సంఖ్యల మనిషి కాబట్టి కాసేపు ఆలోచనలో పడ్డారు. అధికారిక హెచ్చరికల సందేశం పెద్ద శబ్దంతో మోగేలా ఫోన్‌ను అమర్చుకున్నారు. అది కూడా విఫలమైతే అన్న ప్రశ్నకు, పై అంతస్తులో ఉండే పొరుగావిడతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు రెండో వాళ్ల తలుపు కొట్టాలి. ఆ తర్వాత రాడార్‌ను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మాత్రమే చూడాలని తనకు తానే నియమం పెట్టుకున్నారు. మొదటి మూడు రాత్రులూ నరకంలా గడిచాయని చెప్పారు. రెండు వారాల్లో 23 కాస్తా 6 అయింది, అయిదో వారానికి రోజుకు 2 దగ్గర నిలిచింది.

సంచి విషయంలో నా సహోద్యోగులు కొందరు నాతో ఏకీభవించరని తెలుసు. దాన్ని భద్రతా ప్రవర్తనగా, అంటే అప్పటికి ఊరటనిచ్చినా భయాన్ని నిలబెట్టే అలవాటుగా చూసి తీసేయించాలనేది సాధారణ సూత్రం. వరద వచ్చిన ఇంట్లో అత్యవసర సంచి ఉండడం రోగలక్షణం కాదు, వివేకం. ఆమె దాన్ని ప్రతి రాత్రీ విప్పి, మందులూ కాగితాలూ లెక్కపెట్టి, మళ్లీ సర్దడంలోనే చిక్కు ఉంది. అందుకని సంచిని ఉంచి, విప్పడాన్ని ఏడాదికి రెండుసార్లకు పరిమితం చేశాం.

ఆ రాత్రి

ఏడో సెషన్ నుంచి పదకొండో సెషన్ వరకు వరద రాత్రిని తిరిగి చెప్పించాను. కళ్లు మూసుకుని, వర్తమాన కాలంలో, జరుగుతున్నది జరుగుతున్నట్టుగా చెప్పడం, దాన్ని రికార్డు చేసుకుని ఇంట్లో వినడం. ట్రామా చికిత్సలో ఇది బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి, ఇక్కడ దాని వివరణ అనవసరం. అందులో ఒక ఘట్టం మాత్రం చెప్పాలి.

కరెంటు పోయింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. మెట్ల దగ్గర నిలబడి, కటకటాల సందులోంచి పాపను పై అంతస్తు పొరుగావిడ చేతికి అందించారు. తాను ఇంకా నీళ్లలోనే ఉన్నారు. చీకట్లో పైనుంచి పాప ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో ఆమెకు తెలియదు, నిమిషం కావచ్చు. మొదటి మూడుసార్లు చెప్పినప్పుడు కథ ఆ నిశ్శబ్దం దగ్గరే ఆగిపోయేది, వెంటనే మరుసటి ఉదయానికి దూకేది. తన చేతుల్లోంచి బిడ్డను వదిలేశాననీ, వదిలేసిన క్షణంలో ఏమైనా జరిగి ఉండేదనీ రెండేళ్లుగా ఆమె లోలోపల మోస్తున్న నేరం అక్కడే దాగి ఉంది. అర్ధరాత్రి రాడార్ చూస్తున్నప్పుడు ఆమె చెవులు వెతుకుతున్నది ఆ ఏడుపునేనని తర్వాత ఆమే అన్నారు.

నాలుగోసారి చెబుతున్నప్పుడు నిశ్శబ్దం దగ్గర ఆగమని, అక్కడే ఉండి ఏం వినబడుతోందో చెప్పమని అడిగాను. చాలాసేపు ఏమీ లేదన్నారు. తర్వాత, పూర్తిగా వేరే గొంతుతో, "పాప నా దగ్గరుంది, నువ్వు పైకి రా" అన్నారు. అది పొరుగావిడ మాట. ఆ రాత్రి ఆ మాట వినబడింది, ఆమె మెట్లెక్కి పైకి వెళ్లారు, తువాలు చుట్టుకుని బిత్తరపోయి చూస్తున్న పాపను ఎత్తుకున్నారు. ఇదంతా జరిగింది, కాని జ్ఞాపకంలో నిశ్శబ్దం తర్వాత ఇన్నాళ్లూ చోటు చేసుకోలేదు. ఆ సాయంత్రమే పొరుగావిడ తలుపు తట్టి, ఆ మాట నిజంగా అన్నారా అని అడిగి తెలుసుకున్నారు. అన్నానని ఆమె చెప్పారట. తిరగబడిన జ్ఞాపకాన్ని అలా మరొకరితో సరిచూసుకునే అవకాశం మాకు అరుదుగా దొరుకుతుంది.

జనవరి

పండగంత సంతోషంగా పదకొండో సెషన్ ముగిసింది. 2025 జనవరి 10న ప్రపంచ వాతావరణ సంస్థ ఒక ప్రకటన చేసింది. నమోదైన సంవత్సరాలన్నింటిలోకీ 2024 అత్యంత వేడి సంవత్సరమనీ, పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువనీ తెలిపింది. ఆ రాత్రి ఆమె మళ్లీ 14 సార్లు లేచారు. తరువాతి సెషన్‌లో నోటుపుస్తకం తెరిచి, "1.5 దాటేసింది, ఇక అయిపోయింది, ఇంక ఏం చేసినా ఆగదు" అన్నారు.

ఇక్కడ నేను చదివిన నాలుగు కాగితాలు అక్కరకొచ్చాయి. భూతాపాన్ని అదుపు చేయడానికి దేశాలు 2015లో కుదుర్చుకున్న పారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీలు దీర్ఘకాలపు సగటును ఉద్దేశించినవి, ఒక్క ఏడాది దాటినంత మాత్రాన ఆ లక్ష్యం శాశ్వతంగా తప్పిపోయినట్టు కాదు, అలాగని అది చిన్న విషయమూ కాదు. 2030 గురించి ఆమె రాసుకున్నది కూడా అలాంటిదే. ఆ సంవత్సరం ఎదుట "చివరి గడువు" అని ఎర్ర సిరాతో ఉంది. 2018 నివేదిక చెప్పిందేమిటంటే, 1.5 డిగ్రీలకు పరిమితం కావాలంటే కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2010తో పోలిస్తే 2030 నాటికి సుమారు 45 శాతం తగ్గాలి, 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకు, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి తొలగించే స్థితికి చేరాలి. దాన్ని "పన్నెండేళ్లలో ప్రపంచం ముగుస్తుంది" అని కుదించి చెప్పిన వార్తలే ఆమె నోటుపుస్తకంలోకి ఎక్కాయి. ఆ వార్తలు రాసినవారి ఉద్దేశం మంచిదే అయినా, పదేళ్ల పాప పుట్టినరోజు పక్కన ఒక తల్లి ప్రళయాన్ని రాసుకుంటుందని వాళ్లు ఊహించి ఉండరు.

ఇంక ఏం చేసినా ఆగదన్న మాట మాత్రం విడిగా పట్టించుకోవాల్సినది, ఎందుకంటే నిస్సహాయత అంతా దాంట్లోనే ఉంది. నికర ఉద్గారాలు సున్నాకు చేరాక కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగే వేడి దాదాపుగా ఆగిపోతుందన్నది ప్రస్తుత శాస్త్రం చెబుతున్న మాట. మనం గాలిలోకి వదిలే ప్రతి 1,000 గిగాటన్నుల (లక్ష కోట్ల టన్నుల) కార్బన్ డయాక్సైడ్‌కు భూతాపం సుమారు 0.45 డిగ్రీలు పెరుగుతుంది, అంటే ఆ లెక్కలో ఎక్కడ ఆపితే అక్కడ లాభమే. 2010 నుంచి 2019 వరకు సౌర విద్యుత్తు ఖర్చు 85 శాతం, పవన విద్యుత్తు ఖర్చు 55 శాతం తగ్గాయి. ఇవి ఆమెకు చెప్పాను. వాటితో పాటు రెండో వైపు కూడా చెప్పాను: సముద్రమట్టం శతాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది, 1.5 డిగ్రీల దగ్గరే పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం దాకా క్షీణిస్తాయి. ఆశ కలిగించే సంఖ్యలు మాత్రమే ఏరి చెబితే ఆమె ఇంటికి వెళ్లి మిగతావి చదువుకుంటారు, నా మాట మీద నమ్మకం మళ్లీ పోతుంది. ఆ రోజు ఆమె పగడపు దిబ్బల గురించి ఏడ్చారు. ఎన్నడూ చూడని సముద్రగర్భం గురించి ఒక మనిషి ఏడవడం వింతగా తోచవచ్చు. పర్యావరణ నష్టం వల్ల కలిగే దుఃఖం కూడా నిజమైన వియోగ దుఃఖమేనని ఆష్లీ కన్సోలో, నెవిల్ ఎల్లిస్ 2018లో రాశారు. ఆ గదిలో కూర్చున్న నాకు దాని మీద ఏ సందేహమూ లేదు. ఓదార్చలేదు, తొందరపెట్టలేదు, ఏడవనిచ్చాను.

రెండో బిడ్డ

నోటుపుస్తకం వెనక అట్ట లోపల ఒకే ఒక సంఖ్య రాసి ఉంది: 58.6. దాన్ని నాకు చూపించడానికి ఆమెకు పద్నాలుగు సెషన్లు పట్టింది. ఒక బిడ్డను తక్కువగా కంటే ఏడాదికి 58.6 టన్నుల ఉద్గారాలు తగ్గుతాయని 2017లో సెత్ వైన్స్, కింబర్లీ నికోలస్ ప్రచురించిన పరిశోధనలోని అంకె అది, సంపన్న దేశాలకు సంబంధించినది. అదే పరిశోధన ప్రకారం కారు లేకుండా బతికితే తగ్గేది ఏడాదికి 2.4 టన్నులే. ఈ పోలిక చదివిన రోజు నుంచి, ఇంకో బిడ్డను కోరుకోవడమే తప్పు అన్నట్టుగా ఆమె తనను తాను దోషిని చేసుకున్నారు.

ఆ అంకె ఎలా వచ్చిందో కలిసి చూశాం. అది 2009 నాటి మరో లెక్క మీద ఆధారపడింది. అందులో బిడ్డ ఉద్గారాల్లో సగం, మనవల ఉద్గారాల్లో పావు, ఇలా తరతరాల భారాన్నంతా ఇవాళ్టి తల్లికి, తండ్రికి జమకట్టి, వాళ్ల ఆయుష్షు మీద పంచారు. పైగా భవిష్యత్తులో కూడా ఉద్గారాలు ఇవాళ్టి స్థాయిలోనే ఉంటాయన్న ఊహ మీద ఆ పెద్ద అంకె నిలబడింది, అవి తగ్గే పక్షంలో ఈ భారం కూడా బాగా తగ్గుతుందని ఆ పరిశోధకులే రాశారు. "అంటే ఇంకా పుట్టని మనవడి కారుకు కూడా నేనే సమాధానం చెప్పాలా?" అని ఆమె అడిగారు. లెక్క తప్పు కాదు, కాని అది నైతిక తీర్పు కాదని చెప్పాను. కనాలా వద్దా అన్న విషయంలో మాత్రం నేను ఏ వైపూ మొగ్గలేదు. ఈ భయంతో పిల్లలు వద్దనుకున్నవాళ్లూ నా దగ్గరకు వచ్చారు, ఆ నిర్ణయంతో ప్రశాంతంగా ఉన్నారు. చికిత్సకుడి పని నిర్ణయం చెప్పడం కాదు, నిర్ణయించేటప్పుడు పక్కన భయం ఒక్కటే గొంతెత్తకుండా చూడడం.

భర్తను ఒక సెషన్‌కు రమ్మన్నాం. పొదుపు ఆపేసిన సంగతి ఆమె అక్కడే చెప్పారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తాను రెండేళ్లుగా కారు తాళాలు దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నానని, నువ్వు ఇంకా భయపడతావని చెప్పలేదని అన్నారు. ఒకే మంచం మీద ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు కాపలా కాశారన్నమాట. నా ఉద్దేశంలో ఈ చికిత్సలో అన్నిటికంటే ఎక్కువ పని చేసిన గంట అదే.

చివరి నెలల్లో

పిల్లలు, యువకులు వాతావరణ ఆందోళనను ఎదుర్కొనే తీరుపై స్వీడన్‌లో మరియా ఒయాలా చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. ముప్పును కాదనకుండానే అందులో అర్థమున్న పనిని, నమ్మదగిన మనుషులను వెతుక్కోవడం మేలు చేస్తుందని ఆమె అధ్యయనాల సారం. ఈ సలహాను పెద్ద ఎత్తున ఇవ్వడానికి నేను జంకుతాను, ఎందుకంటే అలసిపోయిన మనిషికి "ఉద్యమించు" అని చెప్పడం ఇంకో బరువు ఎత్తడమే. మేం చాలా చిన్నదాన్ని ఎంచుకున్నాం. పొరుగావిడతో కుదిరిన తలుపు తట్టే ఒప్పందాన్ని ఆమె ఆ వీధిలోని 14 ఇళ్లకు విస్తరించారు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, నడవలేని వృద్ధులున్న రెండు ఇళ్లకు ముందుగా ఎవరు వెళ్లాలో ఒక కాగితం మీద రాసి అందరికీ ఇచ్చారు.

మార్చిలో ఆమె పర్యావరణ పాఠాన్ని తిరిగి తన చేతికి తీసుకున్నారు. నల్లబల్ల మీద వేర్వేరు ఉద్గార మార్గాల గీతలు గీసి, పిల్లల వయసును వాటి మీద గుర్తించమని అడుగుతానన్నప్పుడు నేను సందేహించాను, ఆమె భయాన్ని తరగతికి పంచినట్టవుతుందేమోనని. ఆమె నా మాట విని ఒక మార్పు చేశారు: వయసు గుర్తించమనే బదులు, పై గీతకూ కింది గీతకూ మధ్య ఉన్న ఖాళీ ఎందుకు వచ్చిందో రాసుకు రమ్మన్నారు. పిల్లలు రెండు రోజులు ఆ ఖాళీ గురించే వాదించుకున్నారట.

ఏప్రిల్ నాటికి 18 సెషన్లు పూర్తయ్యాయి. జీఏడీ-7 స్కోరు 17 నుంచి 7కు, పీసీఎల్-5 స్కోరు 38 నుంచి 14కు తగ్గాయి. వాతావరణ ఆందోళన సగటు 3.6 నుంచి 2.1కి వచ్చింది. వాతావరణ మార్పు గురించి ఎంతగా కలత చెందుతున్నారని విడిగా అడిగితే, మొదటి రోజు చెప్పిన జవాబే చెప్పారు: చాలా ఎక్కువగా. దీన్ని చికిత్సలో మిగిలిపోయిన లోపంగా నేను నమోదు చేయలేదు.

ఇది ఒక్క కేసు మాత్రమే. ఈమెకు ఉద్యోగం ఉంది, మాట వినే భర్త ఉన్నారు, తలుపు తీసే పొరుగావిడ ఉంది. నీళ్లు ఏటా వచ్చే చోట, తిరిగి వెళ్లడానికి ఇల్లే మిగలనివారి దగ్గర ఇదే క్రమం పనిచేస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు, వాళ్లకు ముందు కావాల్సింది సురక్షితమైన చోటు. నా పద్ధతిలో వచ్చిన మార్పు ఒకటుంది: నిద్ర పట్టడం లేదని ఎవరు వచ్చినా, ఎప్పుడైనా వరద, తుపాను, కార్చిచ్చు, భూకంపం లాంటివి చూశారా అని మొదటి సెషన్‌లోనే అడుగుతున్నాను. రేపటి గురించి భయం ఏదైనా ఉందా అని కూడా అడుగుతున్నాను. అవునన్నవాళ్లు నేను అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

అక్టోబరులో ఫాలో-అప్‌కు వచ్చారు. స్కోర్లు దాదాపు అలాగే ఉన్నాయి. ఎడతెగని వాన కురిసిన ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదనీ, రాడార్ రెండుసార్లు చూసి ఫోన్ పక్కన పెట్టేశాననీ చెప్పారు. పొదుపు మళ్లీ కడుతున్నారు. రెండో బిడ్డ గురించి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు, ఏం అనుకుంటున్నారో ఇక్కడ రాయవద్దన్నారు. సంచి తలుపు దగ్గరే ఉంది, జూన్‌లో ఒకసారి విప్పి మందుల గడువు చూసి సర్దారు. పాప చెప్పులు మంచం పక్క నుంచి గడప దగ్గరకు వెళ్లాయి. అవి ఆమె మార్చలేదట, బడికి వెళ్లే తొందరలో పాపే ఒకరోజు అక్కడ విడిచిందట.